బాబాయి నడిపిన కారు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చక్కగా ఉన్న కారును చూసింది తక్కువ. బీమా ఆఫీసులో క్లెయిముల సీట్లో కూర్చున్నవాళ్ళ దగ్గరికి కార్లు ఫొటోల్లో వస్తాయి, అదీ నుజ్జయ్యాకే. ఏ పెళ్ళిలోనో ఎవరైనా కొత్త కారు చూపించి "ఎలా ఉందండీ?" అంటే నా కళ్ళు ముందు బంపరు మీదకు పోయేవి. రేపు ఇది దేనికి గుద్దుకుంటే ఎక్కడ సొట్టపడుతుందో అనిపించేది. మా ఇంట్లోవాళ్ళు నవ్వేవారు.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. వాళ్ళకు కావలసినవి దొంగ క్లెయిముల కథలు. ఇంజను ముందే విప్పి అమ్ముకుని లారీకి నిప్పెట్టినవాడు, ఒకే కారును రెండుసార్లు కాలువలో పడేసినవాడు, ఇలాంటివి నా దగ్గర బోలెడున్నాయి. చెబితే మీకూ నవ్వొస్తుంది, నాకూ వస్తుంది. కానీ మర్చిపోలేనిది చెప్పమంటే మాత్రం ఇదే చెప్పాలి. ఇందులో దొంగ ఎవరూ లేరు. ఒక అబద్ధం ఉంది. అది మా కంపెనీకి చెప్పిన అబద్ధం కాకపోయినా, శిక్ష వేసింది మా కంపెనీయే.

రిటైరయ్యే ముందు నా ఆఖరి పోస్టింగు తణుకులో. ఎరువుల కొట్టు పైన మా బ్రాంచి. మెట్లెక్కుతుంటే పురుగుమందుల వాసన గుప్పున కొట్టేది. ఆఫీసులోకి వచ్చాక ఇంకేం మందు వాసనా లేకపోయినా ముక్కు మాత్రం నమ్మేది కాదు. మా మేనేజరు గారు విశాఖపట్నం బదిలీ కోసం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తున్న మనిషి. ఏ ఫైలు మీదైనా "చర్చించండి" అని రాసేవారు. చర్చిద్దామని లోపలికి వెళ్తే బదిలీ గురించి ఫోన్‌లో మాట్లాడుతూ చేత్తో ఆగమనేవారు. క్లెయిముల మీద విచారణకు తిరిగే అతను వయసులో చిన్నవాడు, మంచి పనిమంతుడు. ఎండనకా వాననకా మోటారు సైకిలు మీద ఊళ్ళన్నీ తిరిగి వచ్చేవాడు. అతను తెచ్చిన రిపోర్టులో ఒక్క మాట తీసేయడానికి ఉండేది కాదు.

ఆ ఏడు కాలువలకు నీళ్ళు కట్టేసిన రోజుల్లో వచ్చింది ఆ క్లెయిము. గట్టు రోడ్డు మీద పొద్దున్నే వెళ్తున్న కారు, అడ్డొచ్చిన సైకిలు మనిషిని తప్పించబోయి కాలువలో పడింది. నీళ్ళు ఉండి ఉంటే లోపలివాళ్ళు బతికేవాళ్ళు కాదు. నీళ్ళు లేకపోవడంతో మనుషులు దెబ్బలతో బయటపడ్డారు, కారు మాత్రం అడుగున రాళ్ళ మీద పడి ఇంక పనికిరాకుండా పోయింది. బాగుచేయించే కంటే తుక్కు కింద అమ్మేసుకోవడం నయమని నష్టం లెక్కగట్టే సర్వేయరు తేల్చాడు.

కారు యజమానురాలు ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరు. మొదటిసారి ఆఫీసుకు వచ్చినప్పుడు ఆ అమ్మాయి మోచేతికి కట్టు ఉంది. తెల్లటి ముఖం, గబగబా మాట.

"మా అమ్మకి డయాలసిస్ అండి. రాజమండ్రి తీసుకెళ్ళాలి. బస్సులో వెళ్ళొస్తుంటే దారిపొడుగునా వాంతులు. ఆ బాధ చూడలేక సెకండ్ హ్యాండుది తీసుకున్నాను మేడం. నాకు డ్రైవింగు రాదు, మా బాబాయి నడుపుతారు. మా నాన్న నా పసితనంలోనే పోయారండి, స్కూటరు మీద వస్తుంటే లారీ గుద్దింది. అప్పట్నుంచీ నాకు నాన్నయినా ఏదైనా బాబాయే."

"ఇన్సూరెన్సు ఎవరి ద్వారా చేయించారమ్మా?"

"నేనే చేసుకున్నానండి, ఫోన్‌లో. మా ఇంటి అరుగు మీద కూర్చుని." ఆ మాట కాస్త గర్వంగానే అంది. "ఎప్పుడొస్తుందండి మేడం? అమ్మని వారానికి రెండుసార్లు ఆటోలో తీసుకెళ్తున్నాను. కుదుపులకి ప్రాణం పోతోంది ఆవిడకి."

నేను ధైర్యం చెప్పి పంపాను. నాకూ అందులో అనుమానపడటానికి ఏమీ కనిపించలేదు. పెద్ద నష్టం కాబట్టి విచారణ మామూలుగా జరగాలి, జరుగుతుంది, అయిపోతుంది అనుకున్నాను.

విచారణకు వెళ్ళిన అతను ఒక మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చి, హెల్మెట్ ఇంకా తీయకుండానే, "దొరికింది మేడం!" అన్నాడు.

"ఏం దొరికింది?"

"డ్రైవరు పాత హిస్టరీ. రవాణా ఆఫీసులో లైసెన్సు వివరాలు తీయించాను. ఇరవై ఏళ్ళ పైమాట, యాక్సిడెంటు చేశాడు. మనిషి చనిపోయాడు. కోర్టులో శిక్ష పడింది, లైసెన్సు కొన్నాళ్ళు ఆపేశారు. పాలసీ కోసం నింపిన మన ప్రపోజలు ఫారంలో మాత్రం ఇదివరకు ప్రమాదాలేమీ లేవని పెట్టారు."

నేను ఫైలు తెరిచి చూస్తుంటే అతనే మళ్ళీ అన్నాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది. "చనిపోయినాయన ఇంటిపేరు కూడా ఇదే మేడం. ఊళ్ళో అడిగాను. సొంత అన్నగారట."

హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి చెప్పిన స్కూటరూ లారీ నాకు గుర్తొచ్చాయి. అతనికి ఆ సంగతి తెలియదు. నేను చెప్పాను. "అయ్యో" అన్నాడు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. బీమా అంటే నమ్మకం మీద నడిచే బేరం. మనం అడిగినదానికి అవతలివాళ్ళు నిజం చెప్పాలి. చెప్పకపోతే ఆ ఒప్పందమే లేదనడానికి కంపెనీకి హక్కుంది. బండి నడిపే మనిషి గతం తప్పకుండా అడిగే ప్రశ్నల్లో ఒకటి. ఇది రూలు. రూలు తప్పని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను.

ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే ఆ బాబాయి ఆఫీసుకు వచ్చాడు, ఒక్కడే. ఊళ్ళో విచారణ జరిగిందని ఆయన చెవిన పడింది. పొడుగాటి మనిషి, కొంచెం వంగి నడుస్తున్నాడు. రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

"తెలిసిపోయిందాండి?" అన్నాడు.

"తెలిసిందండి."

"ఆయ్" అని తలూపి, తన చేతులకేసి చూసుకున్నాడు. "మా అమ్మాయికి చెప్పేశారాండి?"

"లేదండి."

అప్పుడు కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు. తర్వాత నేను అడక్కుండానే చెప్పాడు. వయసులో ఉండగా ఆయన ఒక రైసుమిల్లు ఆసామి దగ్గర కారు డ్రైవరు. అన్నగారు దూరాన ఎక్కడో రంగులు వేసే పని చేసేవాడు. బిడ్డ అడుగులేస్తోందని కబురు తెలిసి చూడ్డానికి వస్తే, సామర్లకోట స్టేషనులో ఎక్కించుకుని తెస్తున్నాడు. సాయంత్రం చీకటి పడేవేళ బస్సును దాటబోయాడు. ఎదురుగా లైట్లు లేని చెరుకు ట్రాక్టరు ఉంది.

"అన్నయ్య అంటూనే ఉన్నాడండి. నెమ్మదిగా పోనియ్రా, పిల్ల ఎక్కడికీ పోదు అని. నేనే సరదా పడ్డానండి. పిల్ల నిద్రపోకముందే చూపించాలని."

కోర్టులో తప్పు ఒప్పేసుకున్నాడట. వకీలు వద్దన్నా వినలేదట. జైల్లో ఉండగా వదిన గారు ఒక్కసారి చూడ్డానికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆవిడ ఈ మాట అని వెళ్ళిపోయింది: "పిల్లకి నాన్న ఎలాగూ లేడు. బాబాయినైనా ఉండనీ. దానికి తెలియనివ్వకు." బయటికొచ్చాక ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఆ పిల్ల ఫీజులూ పుస్తకాలూ జ్వరాలూ అన్నీ ఆయనవే అయ్యాయి. మళ్ళీ కారెక్కింది వదిన గారి డయాలసిస్ కోసమే.

"ఆవేళ అరుగు మీద కూర్చుని అడుగుతూ పోయిందండి. బండి రంగేంటి, ఏ ఏడుది, అన్నీ చెప్పాను. 'బాబాయ్, నడిపేవాళ్ళకి ఇదివరకు యాక్సిడెంట్లు ఏవైనా ఉన్నాయా అంటోంది' అంది. లోపల మా వదిన పోపు వేస్తోందండి. గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను 'లేదమ్మా' అన్నాను. మళ్ళీ గరిటె కదిలింది."

"మీరు పక్కకు వెళ్ళి నాకు ఫోన్ చేసి ఉంటే..." అని ఏదో అనబోయాను. తెలివితక్కువ మాట. అప్పటికి నేనెవరో ఆయనకేం తెలుసు?

"కంపెనీకి అబద్ధం చెప్పాలని కాదండి. అసలక్కడ కంపెనీ ఎక్కడుందండి? నా ఎదురుగా ఉన్నది మా అమ్మాయండి."

క్లెయిము వద్దని రాసిచ్చేస్తానన్నాడు. కారు యజమాని ఆయన కాదు కాబట్టి అది ఆయన రాస్తే చెల్లదని చెప్పాను. పోనీ, పాత సంగతి కాబట్టి పొరపాటున చెప్పలేదని సంజాయిషీ ఇస్తే, కొంత తగ్గించైనా ఇప్పించడానికి ప్రయత్నిస్తానన్నాను. అలాంటి వెసులుబాటు మాకు ఒకటి ఉంటుంది. కానీ ఆ సంజాయిషీ మీదా సంతకం పెట్టాల్సింది ఆ అమ్మాయే. ఎటు తిరిగినా దారి ఆవిడ దగ్గరికే వస్తోంది. ఆయన మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నేనే ఏదో చెప్పి మానిపిస్తానండి. మీరు మాత్రం చెప్పొద్దండి" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

ఆయన ఏం చెప్పాడో తెలియదు కానీ అది ఎదురు తిరిగింది. "పోతే పోయిందిలే అమ్మా, వదిలెయ్, కారు సరిగ్గా నడపలేకపోయింది నేనే" అన్నాడట. మంచి మనిషిని ఆఫీసువాళ్ళు బెదరగొట్టి పంపారని ఆ అమ్మాయి అర్థం చేసుకుంది. నేనైనా అలాగే అనుకునేదాన్ని. వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం, ఆ అమ్మాయీ తల్లీ బాబాయీ ముగ్గురూ మెట్లెక్కి వచ్చారు. తల్లి రెండు మెట్లకొకసారి ఆగి ఎక్కిందని అటెండరు చెప్పాడు. ఆవిడ చేతి మీద సూదుల చోట నరం ఉబ్బి తాడులా కనిపిస్తోంది. గొడుగులు బయట పెట్టి, నా బల్ల ముందు కూర్చున్నారు. బాబాయి కూర్చోలేదు, బీరువా పక్కన నిలబడ్డాడు. విచారణ అతను కూడా తన సీట్లో ఉన్నాడు.

"మేడం, మా క్లెయిము ఎందుకు ఆపారు? మేము ఏమైనా అబద్ధం రాశామా, చూపించండి" అంది ఆ అమ్మాయి.

"అబద్ధం అని కాదమ్మా. నడిపే వ్యక్తి వివరాల్లో ఒక తేడా ఉంది..."

"ఏం తేడా అండి? లైసెన్సు ఉంది. కళ్ళు బాగున్నాయి. మందు ముట్టరు. అంత తేడా ఉంటే నోటితో చెప్పండి. లేదంటే నేను హైదరాబాదుకు రాస్తాను. మీ మీద ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్ ఉంటారటగా, ఆయనకు రాస్తాను. పిల్లలకి లెక్కలు చెప్పుకునేదాన్ని, నన్ను మాటలతో తిప్పి పంపలేరు."

"రాయొచ్చమ్మా, అది మీ హక్కు..."

"మొన్నటిది తప్పితే మా బాబాయి జన్మలో ఒక యాక్సిడెంటు చేసిన మనిషి కాదు మేడం. కుక్కపిల్ల అడ్డొస్తే సైకిలు దిగిపోతారు. కావాలంటే మా ఊళ్ళో ఎవర్నైనా అడగండి!"

"ఊళ్ళో అందరికీ తెలుసే" అంది తల్లి. "నీకే తెలీదు."

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. బల్ల మీద ఉన్న నా పేపరు వెయిటుకేసి చూస్తూ అంది.

"ఏంటమ్మా?"

"వదినా, వద్దు వదినా" అన్నాడు బాబాయి.

"ఎన్నాళ్ళయ్యా? నేను పోయాక పైవాళ్ళెవరో చెబితే వింటుందా?" అని, కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న పోయిన రోజు కారు నడిపింది మీ బాబాయి. ట్రాక్టరుకి గుద్దేశాడు. కావాలని చెయ్యలేదు. కోర్టులో నేను కూడా ఉన్నాను."

ఆ అమ్మాయి ముందు నవ్వబోయింది. వినకూడని మాటేదో పొరపాటున విన్నట్టు మా అందరి ముఖాలూ చూసింది. విచారణ అతను తల దించుకున్నాడు. అది చూశాక నమ్మింది.

"మరి స్కూటరు?"

"స్కూటరు లేదు."

"నాన్న స్కూటరు మీద వస్తుంటే లారీ..."

"మీ నాన్నకి స్కూటరు నడపడమే రాదమ్మా" అంది తల్లి.

కిటికీ బయట వాన పెద్దదైంది. ఎరువుల కొట్టువాళ్ళు బస్తాల మీద టార్పాలిన్ లాగుతూ కేకలేసుకుంటున్నారు. మా మేనేజరు గారు గదిలోంచి తొంగిచూసి, మా ముఖాలు చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. ఆయన ఉద్యోగంలో చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఆ అమ్మాయి బాబాయికేసి చూడలేదు. నన్ను అడిగింది. "ఆ ప్రశ్నకి 'ఉంది' అని పెట్టి ఉంటే ఏమయ్యేది మేడం?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ చాలాసేపటిగా అక్కడ నిజాలు మాట్లాడుకుంటున్నారు. నాకూ అలవాటుగా నిజమే వచ్చింది.

"ఏమీ అయ్యేది కాదమ్మా. చాలా పాత సంగతి. పాలసీ ఇచ్చేవాళ్ళమే."

"అంతేనా?"

"అంతే."

మా కంపెనీకి ఆ నిజం విలువ అంత. ఆ ఇంట్లో దాని విలువ వేరు. అదే నిజాన్ని ఒక ఇంట్లో ఒక తల్లీ ఒక మరిదీ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అన్నేళ్ళు మోశారు. మేము దాన్ని మిగతా ప్రశ్నల మధ్య ఒకటిగా అడిగాం, బండి రంగు అడిగినట్టు.

ఆ అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని లేపింది. నాకు నమస్కారం పెట్టింది కూడా. అంత మర్యాద గల పిల్ల. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగి వెళ్ళారు. బాబాయి బీరువా పక్కనే ఉండిపోయాడు.

"నేను వాళ్ళ వెనకాల వెళ్ళొచ్చంటారాండి?" అని నన్ను అడిగాడు.

అన్నేళ్ళ సర్వీసులో జనం నన్ను చాలా అడిగారు. క్లాజులు అడిగారు, గడువులు అడిగారు, దారులు అడిగారు. ఇలాంటి ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. "వెళ్ళండి" అన్నాను చివరికి, ఏదో ఒకటి అనాలి కాబట్టి. కిటికీలోంచి చూస్తే, తల్లీకూతుళ్ళు ఆటో ఎక్కుతున్నారు. ఆయన రోడ్డుకు ఇవతల, గొడుగు చేతిలోనే ఉన్నా విప్పకుండా వానలో నిలబడ్డాడు. ఆటోలో ఇంకొకరికి చోటుంది. అది కదిలి వెళ్ళిపోయింది.

నేను పై ఆఫీసుకు రాశాను. పాత సంగతి అనీ, ఈ ప్రమాదానికీ దానికీ సంబంధం లేదనీ, ఆ సంగతి తెలియకుండానే అమ్మాయి నింపిందనీ, కొంత తగ్గించి ఇవ్వవచ్చనీ బతిమాలినట్టు రాశాను. మేనేజరు గారు ఈసారి "చర్చించండి" అనకుండా సంతకం పెట్టారు. పైనుంచి రావలసిన జవాబే వచ్చింది. నడిపే వ్యక్తి తెలిసీ దాచాడు కాబట్టి కుదరదన్నారు. చదివితే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. హైదరాబాదుకు రాసుకోవచ్చని కూడా గుర్తు చేశాను. "ఎవరి మీద రాయమంటారు మేడం?" అంది. రాయలేదు.

విచారణ అతను ఆ తర్వాత కొన్నాళ్ళు నా దగ్గరికి టీకి రాలేదు. ఒకరోజు వచ్చి, "నేను కనిపెట్టకుండా ఉంటే బాగుండేదా మేడం?" అన్నాడు. అది నీ పని, నువ్వు సరిగ్గా చేశావు అన్నాను. అతనికి అది ఓదార్పు కాలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. నాకూ కాలేదు. ఎవరిదైనా తప్పుంటే కోప్పడి తేలికపడొచ్చు. మాలో ఎవరూ తప్పు చేయలేదు. అందుకే బరువు దిగలేదు.

తల్లిని ఆటోల్లో, బస్సుల్లోనే తీసుకెళ్ళింది ఆ అమ్మాయి. వానాకాలం పొడుగునా ఆవిడ కొన్నిసార్లు వెళ్ళింది, కొన్నిసార్లు "ఇవాళ ఓపిక లేదే" అని పడుకుండిపోయింది. క్రిస్మస్ ముందర పోయింది. కబురు తెలిసి నేనూ విచారణ అతనూ వెళ్ళాం. కారు ఉంటే బతికేదా అని నేను చెప్పలేను. డాక్టర్లే చెప్పలేని సంగతి. కానీ ఆ ఊళ్ళో ఆ ఆలోచన రాని మనిషి ఆవేళ లేడు.

చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టెను సమాధుల తోటకు తీసుకెళ్ళారు. బాబాయి గేటు బయట ఆగిపోయాడు. ముగ్గురూ ఆఫీసుకు వచ్చి వెళ్ళిన రోజే ఆయన ఇల్లు వదిలి చెరువుల దగ్గర పాకకు మారాడట. మోయడానికి ఒక మనిషి తక్కువైతే పక్కింటాయన ఆయన్ని చేత్తో పిలిచాడు. ఆయన ఆ అమ్మాయికేసి చూశాడు. ఆవిడ రమ్మనలేదు, వద్దనలేదు. ఆయన కదల్లేదు. ఇంకెవరో పట్టారు.

పాస్టరు గారు తర్వాత నాతో మాట్లాడుతూ చెప్పారు. "క్షమించెయ్యమ్మా, పెద్దాయన నలిగిపోతున్నాడు అన్నానండి. ఏమందో తెలుసా? 'గుద్దినదానికి క్షమించడానికేముందండి, అది యాక్సిడెంటు. నేను చిన్నప్పట్నుంచీ రోజూ రాత్రి కళ్ళు మూసుకుని మా నాన్నను స్కూటరు మీద చూసుకునేదాన్ని. నీలం స్కూటరు. రంగు కూడా నేనే వేసుకున్నాను. ఇప్పుడు నాకు నాన్న ముఖం రావట్లేదండి. దానికి ఎవర్ని క్షమించమంటారు?' అందండి."

ఆ మాట విన్నాక నేను కూడా ఆ అమ్మాయిని పలకరించే ధైర్యం చేయలేదు.

నేను రిటైరయ్యే వారంలో ఆవిడే మా ఆఫీసుకు వచ్చింది. బడికి వెళ్ళిరావడానికి స్కూటీ కొనుక్కుందట. నడపడం నేర్చుకుందట. ఈసారి ఇన్సూరెన్సు ఫోన్‌లో చేసుకోకుండా మనిషే వచ్చి కౌంటరు దగ్గర కూర్చుంది. బాగా చిక్కింది. నన్ను చూసి నవ్వింది, నేనూ లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. కౌంటర్లో ఉన్నావిడ ఒక్కొక్కటే అడుగుతోంది, ఈ అమ్మాయి జవాబులు చెబుతోంది. అన్నీ అయ్యాక కౌంటరు ఆవిడ, "నామినీ ఎవరండి? మీకేమైనా అయితే డబ్బు ఎవరికి చేరాలి?" అని అడిగింది.

"అమ్మ..." అని ఆగిపోయింది.

కౌంటరు ఆవిడ చేతులు కీబోర్డు మీదే ఆగాయి. "పేరు చెప్పండి."

"ఖాళీగా వదిలెయ్యొచ్చాండి?"

"వదలనివ్వదండి. ఎవరో ఒకరి పేరు ఉండాలి. దగ్గరివాళ్ళు ఎవరైనా పరవాలేదు."

ఆ అమ్మాయి నాకేసి చూసింది. నేనుండబట్టలేక, గొంతు తగ్గించి, "బాబాయి గారు ఉన్నారు కదమ్మా" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. తన చేతిలోని స్కూటీ తాళాన్ని ఒకసారి తిప్పింది.

"ఆయన తీసుకోరు మేడం" అంది.

తర్వాత లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "ఆలోచించి రేపు వస్తానండి" అని వెళ్ళిపోయింది. నేను ఆఫీసులో ఉన్నన్ని రోజులూ రాలేదు. ఆ గడి నింపితే గానీ పాలసీ ముందుకు కదలదు. ఆవేళ కౌంటరు ఆవిడ స్క్రీనుకేసి చూసి, మూసేసి, తర్వాతివాళ్ళను రమ్మని పిలిచింది.